మెడ పైపూసల ఆపరేషన్‌కి ముందు రక్తనాళం దారిని సరిచూసుకోవడం ఎలా?

"రిపోర్టులో హై రైడింగ్ వర్టిబ్రల్ ఆర్టరీ అని రాశారండీ, ఇదేం జబ్బు? ఇప్పుడు ఆపరేషన్ చేయించొచ్చా, వద్దా?" స్కాన్లు చదివే పనిలో ఉన్నందుకు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగేది పేషెంటు కాదు, చాలాసార్లు కొడుకో కోడలో అల్లుడో. అప్పటికే ఫోన్‌లో ఏదో వెతికి, సగం చదివి, పూర్తిగా భయపడి వస్తారు.

ముందు జవాబు చెప్పేస్తాను. అది జబ్బు కాదు. పుట్టుకతోనే ఆ రక్తనాళం కాస్త వేరే దారి పట్టింది, అంతే. మెడ ఆపరేషన్ అవసరం రాకపోతే నూరేళ్లు బతికినా అది అలా ఉందని ఎవరికీ తెలియదు. మెడ పైపూసల్లో స్క్రూలు వేయాల్సి వచ్చినప్పుడే దాంతో పేచీ. అదీ ముందుగా చూసుకోకపోతేనే పెద్ద పేచీ. ముందే తెలిస్తే స్క్రూ దారి మార్చుకోవచ్చు, స్క్రూ రకం మార్చుకోవచ్చు, ఒక్కోసారి ఆ పూసని వదిలేసి పక్క పూసని పట్టుకోవచ్చు.

మీరు సర్జన్ పని చేయక్కర్లేదు. సరైన స్కాన్ తీశారా, అది సర్జన్ చేతికి పూర్తిగా చేరిందా, అందులో కనిపించింది ఆపరేషన్ ప్లాన్‌లోకి వచ్చిందా, ఈ మూడూ చూసుకుంటే చాలు. అదెలాగో కింద రాస్తున్నాను.

ఇది ఎవరికి పనికొస్తుంది?

మెడలో అన్నిటికన్నా పైనున్న రెండు పూసలు, అంటే సీ1, సీ2 మధ్య, లేదా పుర్రెకీ సీ1కీ మధ్య స్క్రూలు, రాడ్లు వేసి బిగించాలని చెప్పినవాళ్లకి. సీ1–సీ2 జారిపోవడం (అట్లాంటో యాక్సియల్ డిస్‌లొకేషన్), సీ2 పైకొమ్ము విరగడం, సీ2 కొమ్ము పుర్రెలోకి చొచ్చుకుపోవడం (బేసిలార్ ఇన్వాజినేషన్), రుమటాయిడ్ కీళ్లవాతం పైమెడకి పాకడం, డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో మెడ వదులు కావడం, ఆ చోట క్షయ రావడం, ఇవి మామూలుగా కనిపించే కారణాలు. సీ5–సీ6 డిస్క్ ఆపరేషన్ అన్నవాళ్లకి ఈ గొడవ చాలావరకు లేదు.

ఒక్క పేరా శరీరశాస్త్రం, తప్పదు

మెడకి రెండు పక్కలా ఒక్కో వర్టిబ్రల్ ఆర్టరీ ఉంటుంది. సాధారణంగా అది సీ6 దగ్గర పూస పక్కనున్న రంధ్రంలోకి దూరి, ఒక్కో పూస రంధ్రం దాటుకుంటూ పైకి వస్తుంది. సీ2 దాటాక బయటికి వంగి, సీ1 రంధ్రంలోంచి పైకొచ్చి, సీ1 వెనక కమాను మీదున్న గాడిలో పడుకుని వెనక్కి తిరిగి, అప్పుడు పుర్రెలోకి పోతుంది. లోపల రెండూ కలిసి ఒకటై చిన్నమెదడుకీ బ్రెయిన్‌స్టెమ్‌కీ రక్తం ఇస్తాయి. ఆ రక్తనాళం ఇన్ని మెలికలు తిరిగే చోటే స్క్రూలు దిగాల్సిన చోటు కూడా. గోడకి మేకు కొట్టేముందు లోపల కరెంటు వైరు ఎటు పోయిందో చూసుకోవడం లాంటిది ఈ స్కాన్.

ఎంత ప్రమాదం అని అడుగుతారు కాబట్టి ఒక అంకె. 1998లో అమెరికా న్యూరోసర్జన్ల మీద చేసిన సర్వేలో, సీ1–సీ2 కీలు గుండా అడ్డంగా వేసే స్క్రూల ఆపరేషన్లలో నూటికి సుమారు నలుగురు పేషెంట్లకి ఈ రక్తనాళం దెబ్బతిన్నది, లేదా తిన్నదని అనుమానించారు. దానివల్ల మెదడుకో నరాలకో నష్టం జరిగినవాళ్లు మాత్రం వెయ్యికి ఇద్దరే. కారణం, ఒకవైపు నాళం మూసుకున్నా రెండోవైపుది బాగుంటే చాలామందిలో పని నడిచిపోతుంది. అందుకే రెండోవైపు ఎలా ఉందో తెలుసుకోవడం ఇంత ముఖ్యం.

సిద్ధం చేసుకోవాల్సినవి

– ఇప్పటిదాకా తీసిన ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, సీటీల సీడీలు (ఫిల్ములు మాత్రమే చాలవు)
– క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసేది), మరీ పాతది కాకుండా. అందులో ఈజీఎఫ్‌ఆర్ అంకె కూడా
– వాడుతున్న మందుల జాబితా, ముఖ్యంగా షుగర్ మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు
– ఇంతకుముందు కాంట్రాస్ట్ (రక్తనాళాలు స్కాన్‌లో కనబడేలా చేసే మందు) ఇంజెక్షన్ పడలేదని ఎవరైనా రాసి ఉంటే ఆ కాగితం
– డాక్టర్ చెప్పిన మెడ కాలర్, సైజు సరిపోయేది
– ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవలో చేయించుకుంటుంటే, ఈ స్కాన్ ప్యాకేజీలోకి వస్తుందో బయట కట్టాలో ఆసుపత్రిలోని మిత్ర డెస్క్ దగ్గర ముందే అడిగి పెట్టుకోవడం

1. ఏ పూసలు, ఏ పద్ధతి అన్నది రాయించుకోండి

"మెడ ఆపరేషన్" అంటే చాలదు. సీ1–సీ2 మాత్రమేనా, పుర్రె కూడా కలుపుతారా, వెనకనుంచా, నోటిలోంచా? ఓపీ చీటీ మీద రాయమంటే రాస్తారు. స్కాన్ సెంటర్ వాళ్లకీ, రెండో అభిప్రాయం ఇచ్చే డాక్టరుకీ ముందు కావలసింది ఇదే.

వెనకనుంచి సీ1లో ఒక స్క్రూ, సీ2లో ఒక స్క్రూ విడివిడిగా వేసి కలపడం ఇప్పుడు ఎక్కువమంది చేసే పద్ధతి. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో అతుల్ గోయెల్ 1994లో ప్లేట్లతో దీన్ని ప్రచురించారు. 2001లో జర్మనీలో హార్మ్స్ స్క్రూ–రాడ్ రూపంలో ప్రాచుర్యంలోకి తెచ్చారు. మీ సర్జన్ "గోయెల్–హార్మ్స్" అంటే ఇదే.

2. అడగాల్సిన స్కాన్ సీటీ యాంజియో

సీటీ యాంజియో అంటే కాంట్రాస్ట్ ఇచ్చి రక్తనాళాలు కనిపించేలా తీసే సీటీ స్కాన్. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. "ఎంఆర్‌ఐ తీశాం కదా, మళ్లీ ఎందుకు?" అంటారు. ఎంఆర్‌ఐలో వెన్నుపాము బాగా కనిపిస్తుంది. ఎముక ఎంత మందం ఉంది, దానికి నాళం ఎంత దగ్గరగా ఉంది అన్నది మిల్లీమీటర్లలో చెప్పడానికి అది సరిపోదు. "మెడ డాప్లర్ తీయించాం" అని ఇంకొకరు. డాప్లర్ అంటే రక్తం పారడాన్ని చూసే అల్ట్రాసౌండ్. అది మెడ ముందు భాగంలోని పెద్ద రక్తనాళం కెరోటిడ్‌ని బాగా చూపిస్తుంది. సీ1–సీ2 దగ్గర ఎముకల చాటున మెలికలు తిరిగే భాగం దానికి సరిగా అందదు. మూడోది, "బ్రెయిన్ యాంజియో" అని రాసిన చీటీ. కొన్ని చోట్ల ఆ స్కాన్ పుర్రె అడుగునుంచి మొదలుపెడతారు. మనకి కావలసిన మెడ భాగమే అందులో పడదు.

చీటీలో ఈ మాటలు ఉంటే మంచిది: "మెడ, మెదడు సీటీ యాంజియోగ్రామ్, సీవీజే దగ్గర సన్న కట్స్, రెండువైపులా వర్టిబ్రల్ ఆర్టరీ దారి, సీ2 ఇస్త్మస్ ఎత్తు, పెడికిల్ వెడల్పు." సీవీజే అంటే పుర్రె, మెడ కలిసే చోటు. ఇస్త్మస్, పెడికిల్ అంటే సీ2లో స్క్రూ దిగే సన్నని ఎముక భాగాలు. సన్న కట్స్ అంటే ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ మందం. మూడు, ఐదు మిల్లీమీటర్ల ముక్కల్లో తీస్తే కొలత మీద నమ్మకం పెట్టుకోలేం.

కాంట్రాస్ట్ ఇవ్వలేని పరిస్థితి ఉంటే? కాంట్రాస్ట్ లేకుండా తీసే ఎంఆర్ యాంజియో, దానితోపాటు సన్న కట్స్‌తో మామూలు సీటీ, ఈ రెండూ కలిపి చూస్తారు. మామూలు సీటీలో కూడా ఎముకలోని రంధ్రాల సైజు, సీ2లో గాడి ఎంత లోతుగా తొలిచి ఉంది అన్నది తెలుస్తుంది. కానీ ఎముక బయట దారి తప్పిన నాళం మామూలు సీటీలో సరిగా కనిపించదు. ఆ పరిమితి ఉందని సర్జన్‌కి తెలిసి ఉండాలి.

3. స్కాన్‌కి ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తక్కువ ఉంటే ఫోన్‌లోనే చెప్పేయండి. అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగి రావడం మెడ జారిన మనిషికి మంచిది కాదు.

మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు: కిడ్నీలు బాగుంటే చాలామందికి ఆపక్కర్లేదు. కిడ్నీ పనితనం బాగా తగ్గినవాళ్లకి స్కాన్ వేళనుంచి 48 గంటలు ఆపి, క్రియాటినిన్ మళ్లీ చూసి మొదలుపెట్టమంటారు. మీకు ఏది వర్తిస్తుందో మీ డాక్టరే చెప్పాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి స్కాన్ కోసం ఆపే పని లేదు. ఆపరేషన్ కోసం ఎప్పుడు ఆపాలన్నది సర్జన్, గుండె డాక్టర్ కలిసి తేల్చాల్సిన విషయం. పక్కింటాయన అనుభవం ఇక్కడ పనికిరాదు.

"రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయి, కాంట్రాస్ట్ పడదేమో" అనే భయం కోస్తా జిల్లాలవాళ్లలో ఎక్కువ చూస్తాను. రొయ్యలు పడకపోవడానికీ కాంట్రాస్ట్ పడకపోవడానికీ ప్రత్యేకమైన సంబంధం లేదు. ఇంతకుముందు కాంట్రాస్ట్‌కే ఊపిరాడకపోవడం, మొహం వాయడం జరిగి ఉంటే మాత్రం అది చాలా ముఖ్యం, తప్పక చెప్పండి.

చాలా సెంటర్లు మూడు నాలుగు గంటలు ఏమీ తినకుండా రమ్మంటాయి. మంచినీళ్లు తాగొచ్చా అని అడిగి, తాగమంటే బాగా తాగండి. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా చెప్పాలి.

హెచ్చరిక: సీ1–సీ2 జారిందని చెప్పాక మెడకి మాలిష్, "పట్టు" తీయించుకోవడం, క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం పూర్తిగా మానేయండి. కటింగ్ అయ్యాక అలవాటుగా తల పట్టుకుని అటో పెటుకు, ఇటో పెటుకు అనిపిస్తారు చూడండి, అది మామూలు మెడకే మంచిది కాదు. జారిన పూస వెన్నుపామును నొక్కొచ్చు, అదే కుదుపుకి ఈ నాళం లోపొర చీలనూ వచ్చు.

4. స్కాన్ గదిలో

కమ్మలు, నల్లపూసలు, పుస్తెలతాడు, జడపిన్నులు, తీసి పెట్టగల కట్టుడుపళ్లు ముందే తీసేయండి. సీ1–సీ2 సరిగ్గా పళ్ల వెనకాలే ఉంటాయి. లోహంతో నింపిన పన్ను, క్యాప్ ఉంటే దాని నుంచి తెల్లని చారలు వచ్చి కావలసిన చోటే చెరిపేస్తాయి. తీయలేనివి ఉంటే టెక్నీషియన్‌కి చెప్పండి. చారలు తప్పించడానికి తల వెనక్కి వంచమంటే మాత్రం ఒప్పుకోకండి. మెడ వదులుగా ఉందని, వంచొద్దని డాక్టర్ అన్నారని గట్టిగానే చెప్పండి.

ఫోమ్, ప్లాస్టిక్‌తో చేసిన కాలర్ సీటీకి అడ్డు కాదు, ఉంచుకునే స్కాన్ తీయొచ్చు. బల్ల మీదికి మార్చేటప్పుడు తల, మెడ, ఒళ్లు ఒకే కర్రలా కదలాలి. ఒకరు తల పట్టుకుని, మిగతావాళ్లు ఆయన మాట ప్రకారం కదలాలి. చంకల కింద చేతులు వేసి లాగడం వద్దు.

సూది మోచేతి మడతలో కాస్త లావుది పెడతారు, ఎందుకంటే మందు సెకనుకి నాలుగైదు మిల్లీలీటర్ల వేగంతో వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఒంట్లో వేడి పాకినట్టు, మూత్రం వచ్చేసినట్టు అనిపిస్తుంది. కంగారు పడి తల కదిపితే స్కాన్ పాడవుతుంది. పేషెంటుకి ఈ విషయం ముందే చెప్పి పంపండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి మత్తు కావాలేమో మత్తు డాక్టర్‌తో ముందురోజే మాట్లాడుకోవాలి.

5. సీడీ తీసుకుని అక్కడే సరిచూడండి

ఫిల్ము కిటికీ అద్దానికి ఆనించి ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తారు చాలామంది. దాని మీద ఈ విషయం ఎవరూ తేల్చలేరు. సర్జన్‌కి కావలసింది సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో ఉన్న అసలు ఫైళ్లు. వాటితోనే ఆయన బొమ్మని తనకి కావలసిన కోణంలో తిప్పుకుని, స్క్రూ వెళ్లే దారిలోనే కోసి చూసుకుంటారు.

కౌంటర్ దగ్గర నాలుగు చూడండి. పేరు, వయసు మీవేనా? సీడీ తెరుచుకుంటోందా? సన్న కట్స్ సిరీస్ ఉందా? (ఉంటే ఒక్క సిరీస్‌లోనే వందలకొద్దీ బొమ్మలు ఉంటాయి, ముప్పై నలభై మాత్రమే ఉంటే సన్నవి ఎక్కించలేదని అర్థం.) ఎముక స్పష్టంగా కనిపించే సిరీస్ కూడా ఇచ్చారా? సన్న కట్స్ సిస్టమ్‌లో ఎప్పటికీ ఉంచరు, చాలా చోట్ల కొన్నాళ్లకి తీసేస్తారు. కాబట్టి ఆరోజే అడగాలి.

6. రిపోర్టు చదవడం

ఒక మాట ముందు. "రెండు వర్టిబ్రల్ ఆర్టరీలు నార్మల్, ఎక్కడా సన్నబడలేదు" అని రాసి ఉంటే అది నాళం లోపల రక్తం బాగా పోతోందన్న మాట మాత్రమే. దారి మామూలుగా ఉందని చెప్పినట్టు కాదు. రిపోర్టులో దారి గురించి ఒక్క వాక్యమూ లేకపోతే, "సీ1–సీ2 దగ్గర దారి గురించి అనుబంధం రాయండి, స్క్రూలు వేస్తున్నారు" అని రేడియాలజిస్టుని అడగండి. ఆపరేషన్ ఏమిటో తెలియక రాయనివాళ్లే ఎక్కువ. చెబితే మళ్లీ చూసి రాస్తారు.

ఇక రిపోర్టులో కనిపించే మాటలు.

హై రైడింగ్ వర్టిబ్రల్ ఆర్టరీ. సీ2 లోపల నాళం మామూలు కన్నా పైకి, లోపలికి తొలుచుకుని ఉండడం. దానివల్ల స్క్రూ దిగాల్సిన ఎముక పలచగా మిగులుతుంది. వెన్నుపాము కాలువ అంచునుంచి 3 మి.మీ. పక్కన కొలిస్తే ఇస్త్మస్ ఎత్తు 5 మి.మీ. లేదా తక్కువ, లేదంటే నాళం గాడికీ పై కీలు ఉపరితలానికీ మధ్య ఎముక 2 మి.మీ. లేదా తక్కువ ఉంటే ఈ పేరు పెడతారు. పెడికిల్ వెడల్పు 4 మి.మీ. కన్నా తక్కువ ఉన్నా ఇదే ఇబ్బంది, ఎందుకంటే మామూలుగా వాడే స్క్రూ మందమే 3.5 మి.మీ. ఇది అరుదేమీ కాదు, నలుగురైదుగురిలో ఒకరికి కనీసం ఒకవైపు ఉంటుంది. రుమటాయిడ్ ఉన్నవాళ్లలోనూ, పుట్టుకతో పైపూసలు అతుక్కున్నవాళ్లలోనూ ఇంకా తరచు.

పర్సిస్టెంట్ ఫస్ట్ ఇంటర్‌సెగ్మెంటల్ ఆర్టరీ. నాళం సీ1 రంధ్రంలోకి పోకుండా, సీ1 కమాను కిందనుంచే వెన్నుకాలువలోకి దూరిపోవడం. సర్జన్ సీ1 స్క్రూ కోసం కండరాలు విడదీసే చోట, కీలు వెనకాల అడ్డంగా పడుకుని ఉంటుంది. అందుకే స్క్రూ కన్నా ముందే, విడదీసేటప్పుడే తెగే ప్రమాదం. మామూలు జనంలో అరుదు. సీ1 పుర్రెకి అతుక్కుని పుట్టినవాళ్లలో మాత్రం దీన్ని పనిగట్టుకుని వెతకాలి.

ఫెనెస్ట్రేషన్. నాళం రెండు పాయలై, ఒకటి సీ1 మీదనుంచి, ఇంకొకటి సీ1 కిందనుంచి వెళ్లి మళ్లీ కలవడం. పై పాయ కనిపించింది కదా అని ఊరుకుంటే కింద పాయ తగులుతుంది.

పైకా కింద పుట్టడం. చిన్నమెదడు అడుగు భాగానికి వెళ్లే పైకా అనే కొమ్మ మామూలుగా పుర్రె లోపల పుడుతుంది. కొందరిలో సీ1–సీ2 దగ్గరే పుట్టి కాలువలోకి వస్తుంది. సన్నగా ఉంటుంది, ఏదో చిన్న నాళమేలే అనిపిస్తుంది. కానీ దాన్ని కాల్చి మూసేస్తే చిన్నమెదడుకి స్ట్రోక్ రావొచ్చు.

పాంటిక్యులస్ పోస్టికస్, లేదా ఆర్క్యుయేట్ ఫొరామెన్. సీ1 కమాను మీది గాడికి పైన ఎముక వంతెనలా కట్టుకుని ఉండడం. పదిమందిలో ఒకరిద్దరికి ఉంటుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో కూడా చిన్న వలయంలా కనబడుతుంది. ఆపరేషన్‌లో ఆ వంతెనని చూసి "అబ్బో, ఇక్కడ కమాను బాగా మందంగా ఉంది" అనుకుని అందులోకి స్క్రూ వేస్తే, దాని కింద ఉన్నది నాళమే.

డామినెంట్, హైపోప్లాస్టిక్. ఒకవైపు నాళం లావుగా, రెండోవైపుది సన్నగా ఉండడం. ఎడమవైపు లావుగా ఉండేవాళ్లు ఎక్కువ. సన్నదానివైపు దెబ్బ తగిలితే తట్టుకునే అవకాశం ఉంది, లావుదానివైపు తగిలితే కష్టం. హై రైడింగ్ ఉన్నది లావు నాళం వైపే అయితే ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీయండి.

రెట్రోఫారింజియల్ కెరోటిడ్. ఇది వేరే నాళం, మెడ ముందున్న పెద్ద కెరోటిడ్. గొంతు వెనక మధ్యకి వచ్చేస్తుంది. నోటిలోంచి చేసే ఆపరేషన్ అయితే ఇది అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం. వెనకనుంచి చేసినా, సీ1 స్క్రూ ముందు అంచు దాటి బయటికొస్తే అక్కడ కెరోటిడ్ ఉండొచ్చు. స్క్రూ పొడవు జాగ్రత్తగా ఎంచుకోవడానికి అదో కారణం.

సీటీ బొమ్మ మీరే తెరిచి చూస్తుంటే: అడ్డంగా కోసిన బొమ్మలో మీ ఎడమచేతి వైపు కనిపించేది పేషెంటు కుడివైపు. మనం ఆయన కాళ్ల దగ్గర నిలబడి చూస్తున్నట్టు లెక్క. ఇంట్లో చూసి "కుడివైపు ఉందన్నారు, కానీ ఎడమవైపు కనిపిస్తోందే" అని కంగారుపడేవాళ్లకి ఇదే జవాబు. రిపోర్టులో కుడి అని ఒకచోట, ఎడమ అని ఇంకోచోట ఉంటే మాత్రం అది నిజంగానే పొరపాటు. దిద్దించుకోకుండా కదలకండి.

7. సర్జన్‌తో కూర్చున్నప్పుడు

"సార్, అంతా బాగానే ఉంటుందా?" అని అడిగితే "బాగానే ఉంటుంది" అనే జవాబు వస్తుంది. ఆ ప్రశ్న వద్దు. ఇవి అడగండి:

– సీడీ చూశారా, రిపోర్టు మాత్రమేనా?
– కుడివైపు సీ1లో ఏం వేస్తున్నారు, సీ2లో ఏం వేస్తున్నారు? ఎడమవైపు?
– నాళం అడ్డొచ్చే వైపు ప్లాన్ ఏమిటి? లోపలికెళ్లాక అది కుదరకపోతే?
– మొదటివైపు నాళం తెగితే రెండోవైపు స్క్రూ వేస్తారా?
– అవసరమైతే నాళం లోపలినుంచి మూసే, స్టెంట్ వేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజీ టీమ్ ఈ ఆసుపత్రిలోనే ఉందా, ఎంత దూరంలో ఉంది?

నాలుగో ప్రశ్నకి సాధారణంగా వినాల్సిన జవాబు: వేయను, ఇంకో దారి చూస్తాను. రెండువైపులా దెబ్బతింటే ప్రాణం మీదికి వస్తుంది. నాళం తెగినప్పుడు చాలామంది అదే రంధ్రంలో స్క్రూ బిగించి లేదా గట్టిగా అదిమి రక్తం ఆపి, ఆపరేషన్ ముగించి, యాంజియోకి పంపుతారు.

ప్రత్యామ్నాయాలు ఏమున్నాయో తెలిస్తే మాట్లాడటం తేలిక. సీ2లో లోతుగా కాకుండా నాళం దగ్గరికి రాకముందే ఆగే పొట్టి స్క్రూ వేయొచ్చు. సీ2 వెనక పలకలో అడ్డంగా స్క్రూ వేయొచ్చు. 2004లో అమెరికా సర్జన్ రైట్ వెలుగులోకి తెచ్చిన ఈ పద్ధతిలో స్క్రూ నాళానికి దూరంగా ఉంటుంది, కాకపోతే పలక తగినంత మందం ఉండాలి, వెన్నుపాము మీది ఒత్తిడి తీయడానికి ఆ పలకనే తొలగించాల్సి వస్తే కుదరదు. సీ3ని కలుపుకోవచ్చు. పుర్రెకి ప్లేటు వేయొచ్చు. ఒకవైపు స్క్రూ, మిగతాది వైరు కట్టి ఎముక అంటించడం కూడా ఉంది. వైరు కట్టే పద్ధతి 1939 నాటి గ్యాలీ కాలంనుంచి ఉన్నదే, కాకపోతే గట్టితనం తక్కువ, కాలర్ ఎక్కువకాలం వాడాలి.

ప్రతి ప్రత్యామ్నాయానికీ ఒక ధర ఉంది. తల పక్కలకి తిప్పడంలో సగం దాకా సీ1–సీ2 కీలు నుంచే వస్తుంది, అది ఎలాగూ పోతుంది. పుర్రెని కూడా కలిపితే తల ఊపడం బాగా తగ్గుతుంది. బండి నడిపేవాళ్లు, మగ్గం మీద, పొలంలో పనిచేసేవాళ్లు ఈ మాట ముందే మాట్లాడుకోవాలి. నాకైతే, రక్తనాళం తప్పించడానికి ఒక పూస ఎక్కువ కలిపానని చెప్పే సర్జన్ మీద అనుమానం రాదు, నమ్మకమే పెరుగుతుంది.

"నావిగేషన్ ఉంది కాబట్టి భయం లేదు" అనే మాట వింటారు. నావిగేషన్, అంటే స్కాన్ బొమ్మల సాయంతో స్క్రూ దారిని కంప్యూటర్ తెర మీద చూపించే ఏర్పాటు, మంచి సాయమే. కానీ స్కాన్ తీసింది వెల్లకిలా పడుకున్నప్పుడు, ఆపరేషన్ చేసేది బోర్లా పడుకోబెట్టి. వదులుగా ఉన్న సీ1–సీ2 ఈలోపు కదులుతాయి. పాత స్కాన్ మీద నావిగేట్ చేస్తున్నారా, ఆపరేషన్ బల్ల మీదే మళ్లీ స్కాన్ తీస్తారా అని అడగండి. అలాగే, స్కాన్ తీశాక బరువులు కట్టి పూసని యథాస్థానానికి లాగి ఉంటే, ఎముకకీ నాళానికీ మధ్య లెక్క మారి ఉండొచ్చు. స్కాన్ మళ్లీ కావాలేమో అడగండి.

8. ఆపరేషన్ అయ్యాక సరిచూసుకోవడం

స్క్రూలు ఎక్కడ కూర్చున్నాయో చూడటానికి సీటీ తీస్తారు. ఎక్స్‌రే మాత్రమే తీసి పంపిస్తుంటే సీటీ ఎప్పుడు అని అడగండి. స్క్రూ నాళం ఉండే రంధ్రంలోకి చొచ్చుకొచ్చినా, ఆపరేషన్‌లో అనుకోకుండా రక్తం చిమ్మిందని చెప్పినా, లక్షణాలేవీ లేకపోయినా సీటీ యాంజియో అవసరమా అని తేల్చుకోండి. నాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బడం రోజులు, వారాల తర్వాత కూడా బయటపడొచ్చు.

డిశ్చార్జి కాగితంలో "ఏ వైపు ఏ స్క్రూ, నాళానికి ఏమైనా జరిగిందా" అన్నది ఉండాలి. లేకపోతే రాయించుకోండి.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి: తల గిర్రున తిరిగి నిలబడలేకపోవడం, ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, మొహం ఒకవైపు మొద్దుబారడం, నడక తూలడం, చేయి కాలు బలం తగ్గడం, మెడ ఉన్నట్టుండి వాయడం, గాయం దగ్గర రక్తం. రేపు ఓపీలో చూపిద్దాం అనుకోకండి, 108కి ఫోన్ చేయండి. ఫోన్‌లోనే "మెడ పైపూసల ఆపరేషన్ అయింది" అని చెప్పండి, మెడ వంచకుండా ఎక్కించుకుంటారు.

కంగారు పడక్కర్లేనిది: తల వెనక భాగం మొద్దుబారినట్టు ఉండడం. కీలు దగ్గరికి చేరడానికి సీ2 నరాన్ని పక్కకి జరుపుతారు, కొందరు సర్జన్లు కోసేస్తారు కూడా. దువ్వెన పెట్టినా తెలియట్లేదని ఇళ్లలో భయపడతారు. అది స్ట్రోక్ కాదు. డాక్టర్‌కి చెప్పండి, అంతే.

మళ్లీ మళ్లీ వచ్చే మరో రెండు ప్రశ్నలు

"పుట్టుకతో వచ్చిందంటున్నారు, మరి మా పిల్లలకీ తమ్ముళ్లకీ స్కాన్ తీయించాలా?" అక్కర్లేదు. మెడ ఆపరేషన్ అవసరం లేనివాళ్లలో ఇది తెలుసుకుని చేసేదేమీ లేదు, రేడియేషన్ వృథా. పైపూసలు అతుక్కుని ఉండడం లాంటి లోపం ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందని డాక్టర్ అనుమానిస్తే, అప్పుడు ఆయన చెప్పినట్టు చేయండి.

"రెండు వైపులా హై రైడింగ్ అంటే ఆపరేషనే కుదరదా?" కుదురుతుంది. పైన చెప్పిన పలక స్క్రూలు, సీ3 కలుపుకోవడం, పుర్రె ప్లేటు ఉన్నది ముఖ్యంగా ఇలాంటివాళ్ల కోసమే. కుదరదని ఒకచోట అంటే, అదే సీడీ పట్టుకుని సీవీజే ఆపరేషన్లు తరచుగా చేసే ఇంకో సర్జన్‌ని కలవండి. స్కాన్ మళ్లీ తీయించక్కర్లేదు, సన్న కట్స్ ఉన్న ఆ సీడీ సరిపోతుంది. సీడీని ఎండ తగిలే చోట పడేయకుండా, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి.